కింది వాటా వారి నిష్క్రమణ మహోత్సవం

మా కింది వాటాలో అద్దెకున్న సన్నాయి కోటిలింగం గారిని ఇల్లు ఖాళీ చేయమని చెప్పడానికి మేము అచ్చు వేయించిన శుభలేఖ ఒకటి ఇప్పటికీ నా బీరువాలో ఉంది. నాలుగు మూలలా పసుపు, పైన వినాయకుడు, కింద "తమ రాకను కాంక్షించే" అంటూ మా ఆయన పేరూ, నా పేరూ. ఎవరైనా చూసి మా ఇంట్లో పెళ్ళి జరిగిందనుకుంటారు. ఒక విధంగా జరిగింది కూడా.

ముందు ఈ శుభలేఖల నిబంధన ఎలా పుట్టిందో చెప్పాలి. మా పట్నంలోనే ఎక్కడో ఒక ఇంటాయన, అద్దె ఇవ్వని వాళ్ళ తలుపు మీద మైదా బంకతో నోటీసు అంటించాడట. లోపలాయనకి ఇల్లు పోతుందన్న బాధ కంటే బంక పెట్టి అంటించారన్న బాధ ఎక్కువైంది. కాగితం చేతికిస్తే పుచ్చుకోనా, నేనేమైనా గోడనా అని నగర కార్యాలయం ముందు చాప వేసుకుని పడుకున్నాడు. మూడో రోజుకి పేపర్లో ఫోటో వచ్చింది. నాలుగో రోజుకి ఒక సంఘం వేశారు.

ఆ సంఘం వాళ్ళు మూడు నెలలు ఇల్లిల్లూ తిరిగి, జనం ఏ కాగితాన్ని ఎలా అందుకుంటారో రాసుకున్నారు. కరెంటు బిల్లు చూస్తే మొహం ముడుచుకుంటారు. కోర్టు కాగితం చూస్తే చెయ్యి వణుకుతుంది. శుభలేఖ ఇస్తే మాత్రం రెండు చేతులతో అందుకుని, కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి పంపుతారు. కాబట్టి తప్పు సంగతిలో లేదు, కాగితంలో ఉంది అని తేల్చారు. ఇకమీదట అద్దె బకాయి నోటీసులన్నీ శుభలేఖల మీదే ఇవ్వాలని, బొట్టు పెట్టి పిలవాలని, వెళ్ళే రోజున తగిన వేడుక చేయాలని ఉత్తర్వు వచ్చింది. దానికో విభాగం, ఆ విభాగానికో అధికారి.

చదివిన వాళ్ళందరూ నిజమే కదా అన్నారు. నేనూ అన్నాను. మా కింది వాటా అప్పుడు గుర్తు రాలేదు.

మేము పై వాటాలో ఉంటాం. ఒక గది, రేకుల వరండా. కిందికీ పైకీ పదిహేడు మెట్లు, నిటారుగా ఉంటాయి. ఆ మెట్ల మీద నుంచి ఇప్పటికి మా ఆయన నలభై సార్లు, పాలమ్మాయి అరవై సార్లు పడ్డారు. నిజంగా కాదు, నా మనసులో. నేను దేన్ని చూసినా ముందు దాని చివర చూస్తాను. మా అమ్మాయి హిమజకి ఏడో నెలలో డాక్టరమ్మ మెట్లు ఎక్కొద్దని చెప్పింది. అల్లుడి ఇల్లు మూడో అంతస్తు. లిఫ్టు ఉందంటాడు, లిఫ్టుని నమ్ముకుని నేను నిద్రపోగలనా. మాఘ పౌర్ణమికి అటూ ఇటూ కాన్పు అన్నారు. అప్పటికి ఎలాగైనా కింది వాటా మా చేతికి రావాలి. ఇది తప్ప నాకు వేరే కోరిక లేదు.

కింది వాటాలో కోటిలింగం గారూ, ఆయన భార్య నాగరత్నం. ఆయన పెళ్ళిళ్ళకి సన్నాయి వాయిస్తాడు. శ్రావణంలో సంపాదించింది భాద్రపదంలో కరిగిపోయింది. కార్తీకం చివర శుక్ర మూఢం వచ్చి కూర్చుంది. మూఢంలో పెళ్ళిళ్ళుండవు. పెళ్ళిళ్ళు లేకపోతే సన్నాయి లేదు. సన్నాయి లేకపోతే అద్దె లేదు. నాలుగు నెలలైంది.

పుష్యమాసం మొదట్లో ఒక రోజు ధైర్యం చేసి కిందికి వెళ్ళాను. చెప్పగానే ఆయనకి గుండెపోటు వస్తుందేమోనని ముందే ఒక కుర్చీ, గ్లాసుడు మంచినీళ్ళు పట్టుకెళ్ళాను.

"ఏంటమ్మగారూ, మీ ఇంటి కుర్చీ మీరే తెచ్చుకున్నారు" అన్నాడు కోటిలింగం.

"ఇది నీకోసమే కోటిలింగం. కూర్చో. నాగరత్నం, నువ్వు ఆయన వెనకాల నిలబడమ్మా. చెప్పడానికి నాకు నోరు రావట్లేదు."

నాగరత్నం నవ్వింది. "హిమజమ్మకి కింద గది కావాలి, అంతేగా పిన్నిగారూ. మేమే పైకి వచ్చి చెబుదామనుకున్నాం. అద్దె ఇవ్వలేని మొహాలేసుకుని ఆ మెట్లెక్కలేక ఆగిపోయాం."

"పక్క వీధిలో మా బావమరిది ఇంట్లో రెండు గదులు ఖాళీగానే ఉన్నాయండి" అన్నాడు కోటిలింగం. "ఆదివారం పొద్దున్నే ఎల్లిపోతాం. మూఢం పోయాక మొదటి పెళ్ళి డబ్బులు మీవే."

మంచినీళ్ళు నేనే తాగేశాను. పావుగంటలో తేలిపోయిన విషయం అది. ఇంత తేలిగ్గా తేలిన పని నా జన్మలో లేదు. అందుకే మెట్లెక్కుతూనే భయం మొదలైంది.

మా ఆయన పేపరు మొదటి అక్షరం నుంచి చివరి చిరునామా దాకా చదివే మనిషి. విషయం విని కళ్ళజోడు తీశాడు. "మంగతాయారూ, తొందరపడకు. బకాయి ఉన్నవాళ్ళు శుభలేఖ లేకుండా కదిలితే దాన్ని అమర్యాద ఖాళీ అంటారు. ఆ వాటాకి ఏడాది పాటు లక్క సీలు."

"ఏడాదా? పిల్లకి నెలన్నరే ఉందండీ."

"అది మనం పిల్లకి చెప్పుకోవాలి. వాళ్ళు వినరు."

మర్నాడు ఇద్దరం విభాగానికి వెళ్ళాం. నిష్క్రమణ మర్యాద అధికారి విశ్వపతి గారు బల్ల మీద శుభలేఖల నమూనా పుస్తకాలు పేర్చుకుని కూర్చున్నారు. ఆయన మాట్లాడితే అచ్చయిన కాగితం చదువుతున్నట్టే ఉంటుంది.

"మా కింది వాళ్ళు ఖాళీ చేస్తామంటున్నారండి, అద్దె బాకీ..." అని నేను మొదలు పెట్టానో లేదో చెయ్యెత్తారు.

"అమ్మా. బాకీదారు అనరాదు, గ్రహీత అనవలెను. ఖాళీ అనరాదు. ఖాళీ అనగా శూన్యము. శూన్యము అశుభము. నిష్క్రమణ అనవలెను."

"ఆయన ఆదివారమే నిష్క్రమిస్తానంటున్నాడండి."

"పిలవకుండానే వెళ్ళడం ఏ సంప్రదాయం?"

మా ఆయన మెల్లగా, మూఢం నడుస్తోంది కదండీ, వేడుక ఎలా చేస్తాం అన్నాడు. మూఢం పోయేదాకా ఆగమంటారేమోనని ఆయన చెయ్యి గిల్లాను. విశ్వపతి గారు ఒక ఫైలు తీసి, మూసి, చెప్పారు: "నిష్క్రమణ శుభమా, అశుభమా అను అంశము పరిశీలనలో ఉన్నది. పరిశీలనలో ఉన్న అంశమునకు మూఢము వర్తించదు."

కార్డు ఆయనే ఎంపిక చేశారు. వేయించింది ఇది:

"శ్రీరస్తు. శుభమస్తు. అవిఘ్నమస్తు. మా కింది వాటా గ్రహీతలు చి. కోటిలింగం, చి. సౌ. నాగరత్నం దంపతుల గృహ నిష్క్రమణ మహోత్సవము మాఘ శుద్ధ దశమి నాడు ఉదయం తొమ్మిది గంటలకు జరుపుటకు అధికారులు నిశ్చయించినారు. కావున తామెల్లరూ సకుటుంబముగా విచ్చేసి, వారిని సాగనంపి, మదర్పిత చందన తాంబూలాదులు స్వీకరించి మమ్మానందింపజేయ ప్రార్థన. విందు: మధ్యాహ్నం పన్నెండు గంటలకు."

మొదటి కార్డు గ్రహీతలకే ఇవ్వాలి. పిలుపు సవ్యంగా జరిగిందో లేదో చూడడానికి విశ్వపతి గారు రిజిస్టరు పట్టుకుని స్వయంగా వచ్చారు. నేను పట్టుచీర కట్టుకుని, కుంకుమ భరిణె పట్టుకుని, చీర కుచ్చిళ్ళు కాళ్ళకి అడ్డం పడతాయేమోనని గోడ పట్టుకుని పదిహేడు మెట్లూ దిగాను. నాగరత్నానికి బొట్టు పెట్టాను. మా ఆయన కార్డు చేతికిచ్చి, "మీ నిష్క్రమణ, తప్పకుండా రావాలి" అన్నాడు. అంతా సక్రమంగా జరిగింది.

అప్పుడు నాగరత్నం, "ఉండండి పిన్నిగారూ" అని లోపలికి వెళ్ళింది. ముత్తయిదువ గడప తొక్కితే ఊరికే పంపే పిల్ల కాదు. కుంకుమ తెచ్చి నాకు బొట్టు పెట్టింది. రెండు అరటిపళ్ళు, ఆకూవక్కా, మావిడాకు రంగు జాకెట్ ముక్క నా చేతిలో పెట్టింది. నేనూ అలవాటు కొద్దీ కళ్ళకద్దుకుని తీసుకున్నాను.

విశ్వపతి గారి కలం ఆగింది. తర్వాత చాలాసేపు రాశారు.

"ఏమైందండీ?" అన్నాను.

"పిలుపు తిరగబడినది. బొట్టు, ఫలము, వస్త్రము చివరగా ఎవరికి ముట్టునో వారే గ్రహీతలు. అవి మీకు ముట్టినవి. కావున నిష్క్రమణ మహోత్సవము మీకు జరుగును."

"మా ఇంట్లోంచి మేమా?"

"మనసు నొప్పింపక సాగనంపెదరు. భయము వలదు."

నేను మూడో మెట్టు మీద కూలబడ్డాను. మా ఆయన, మాకు అద్దె బాకీ ఏముందండీ అని అడిగితే, అది అప్పీలులో చెప్పుకొనవచ్చును అన్నారు. ఆ అప్పీలు తేలడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ కాగితాల ప్రకారం ఇల్లు కోటిలింగానిది, మేము పై వాటాలో అద్దెకున్న వాళ్ళం. ఆయన మొహం చెల్లక రోజూ కూర పంపించేవాడు. ఒక పూట తనే గిన్నె పట్టుకుని పైకి వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"అమ్మగారూ, మీరేం మనసులో పెట్టుకోకండి. ఎన్నాళ్ళైనా ఉండండి. మేమేం అడగం."

తొమ్మిది రోజుల్లో నాలుగు సార్లు ఏడ్చాను. ఆ మాటకి మాత్రం నవ్వొచ్చింది.

అప్పీలు గెలిచాక రెండో పిలుపు. ఈసారి నాగరత్నం ఏమీ ఇవ్వకూడదని ముందే ఒట్టు వేయించుకున్నాను. పాపం, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నిలబడింది. నేను బొట్టు పెట్టి వెనక్కి తిరుగుతుంటే, "ఒట్టి చేతుల్తో పంపుతున్నాను పిన్నిగారూ" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

విశ్వపతి గారు దగ్గరికి వచ్చి చూశారు. "కుడి కంట ఒక చుక్క. ఎడమ కంట ఒక చుక్క. గ్రహీత మనసు నొచ్చినది. పిలుపు చెల్లదు."

మూడోసారికి నాగరత్నాన్ని వాళ్ళ తమ్ముడింటికి పంపేశాం. కోటిలింగం ఒక్కడే కార్డు పుచ్చుకుని, నేలచూపులు చూస్తూ, "తప్పకుండా వస్తామండి" అన్నాడు. ముద్ర పడింది. దశమికి ఇంకా పన్నెండు రోజులుంది.

ఈలోగా పట్నంలో ఇది జబ్బులా పాకింది. ఒకాయన తన కొట్టులో అద్దెకున్న ఇస్త్రీ బండి వాళ్ళని పూలు కట్టిన కారులో సాగనంపాడు. అది చూసి ఎదుటి వీధాయన తన వాళ్ళకి ఉంగరాలు పెట్టాడు. నేను కూరగాయలకి వెళ్తే ఒకావిడ సంచీ కింద పెట్టేసి మరీ చెప్పుకుంది.

"పదకొండేళ్ళుగా ఒకటో తారీఖు దాటకుండా అద్దె కట్టామండీ. మా మొహాన ఒక్క జాకెట్ ముక్క పెట్టిన వాళ్ళు లేరు. మా పక్క వాటా వాళ్ళు ఆరు నెలలు ఎగ్గొట్టారో లేదో, పందిరేసి పట్టుబట్టలు పెట్టారు. వచ్చే నెల నుంచి మేమూ కట్టం. మాకు మాత్రం మర్యాద అక్కర్లేదా?"

అలా ఎక్కడ చూసినా నిష్క్రమణలే. నిష్క్రమణకి పందిరి కావాలి, పందిట్లో మేళం కావాలి. నిండు మూఢంలో కోటిలింగానికి పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి బేరాలు తగిలాయి. ఎడతెరిపి లేకుండా ఊదుతున్నాడు, ఆ సన్నాయి పీక ఎప్పుడు గొంతులోకి పోతుందోనని నాకు బెంగ. ఒక శుక్రవారం పొద్దున్నే కొత్త పంచె కట్టుకుని పైకి వచ్చి, నాలుగు నెలల అద్దె, అరటిపళ్ళ అత్తంతో సహా నా చేతిలో పెట్టాడు.

నాకు కళ్ళు తిరిగినంత సంతోషమైంది. వెంటనే మా ఆయన మొహం చూశాను. ఆయన అప్పటికే కళ్ళజోడు తీసేశాడు.

విశ్వపతి గారు విని తల పట్టుకున్నారు. "బకాయి లేని వానికి నిష్క్రమణ చేయుట అవమానము. చేయక మానుటకు వీలులేదు, కార్డు అచ్చయినది. ఉన్నది ఒకటే మార్గము. బకాయిని పునరుద్ధరించవలెను."

"అంటే?"

"పుచ్చుకున్నది తిరిగి ఇచ్చివేయుడు."

"శుక్రవారం లక్ష్మిని గడప దాటించనండి" అన్నాను. ఆ ఒక్క మాటకి మాత్రం ఆయన లొంగారు. శనివారం ఇచ్చేశాను. కోటిలింగం ఆ డబ్బుని సన్నాయి పెట్టెలో అడుగున దాచి, "బాకీ ఉంటేనే మర్యాదంటున్నారు కదమ్మగారూ. దశమి దాటాక మళ్ళీ తెచ్చిస్తాను, ఎవరికీ చెప్పకండి" అన్నాడు. అద్దె దొంగతనంగా పుచ్చుకోవలసిన రోజులు వచ్చాయి.

దశమికి మూడు రోజుల ముందు సవరణ ఒకటి వచ్చింది. సాగనంపుట అనగా ఆడపిల్లను సాగనంపినట్లే కావున, గ్రహీత చేతులను పాలలో ముంచి కొత్త ఇంటి యజమాని చేతిలో పెట్టి అప్పగింతలు చేయవలెను. అప్పగింతల వేళ ఉభయులూ కంట తడి పెట్టుట తప్పనిసరి. మొన్న రెండు చుక్కలకి పిలుపు రద్దు చేసిన వాళ్ళే ఇప్పుడు చుక్కలు కావాలన్నారు. అక్కడితో ఆగితే బాగుండేది. కింద సన్న అక్షరాల్లో ఇంకా ఉంది: పదహారు రోజుల పండుగకు గ్రహీతను పాత ఇంటికి తీసుకువచ్చి మూడు నిద్రలు చేయించవలెను. ఆషాఢమాసమంతయు పుట్టింటివలె పాత ఇంటనే ఉంచుకొనవలెను.

నేను వేళ్ళ మీద లెక్కేసుకున్నాను. పదహారో రోజంటే నా కూతురు పచ్చి బాలింత. ఆ గదిలో మూడు నిద్రలకి కోటిలింగమూ, సన్నాయీ.

"అప్పగింతలు అయితేనేగా పదహారు రోజుల పండుగ" అన్నాడు మా ఆయన పైకప్పు కేసి చూస్తూ. కాసేపయ్యాక కిందికి వెళ్ళి కోటిలింగంతో చాలాసేపు మాట్లాడి వచ్చాడు. ఏంటండీ అంటే, రాగాల గురించి అన్నాడు. ముప్పై ఏళ్ళలో ఆయన రాగాల గురించి మాట్లాడడం నేనెరగను.

దశమి వచ్చింది. ఇంటి ముందు పందిరి, మామిడాకులు, లోపల వంటవాళ్ళు. పిలిచిన వాళ్ళు నూట ఇరవై, వచ్చిన వాళ్ళు మూడొందలు. ఆ హడావుడిలో పొద్దున్న ఎనిమిదింటికి హిమజ కారు దిగింది. నిండు పొట్ట, చేతిలో దిండు. పందిట్లో పీట మీద పసుపు బట్టలతో కూర్చున్న కోటిలింగాన్నీ నాగరత్నాన్నీ చూసి నడుం మీద చెయ్యేసుకుంది.

"అమ్మా, వీళ్ళని పంపిస్తున్నారా, పెళ్ళి చేస్తున్నారా? నా పెళ్ళికి కూడా ఇంత పెద్ద పందిరి వేయలేదు నువ్వు."

"నోరు ముయ్యవే. కింది వాటా వెనక గదిలోకి వెళ్ళి పడుకో. ఎవరి కళ్ళూ పడకుండా చాప అక్కడే వేశాను."

తొమ్మిదయ్యింది. ఊరేగింపుకి పూల బండి వచ్చింది. మేళం రాలేదు. మేము మాట్లాడుకున్న మేళం వాళ్ళు ఎక్కడో పెద్ద నిష్క్రమణ తగిలి అటు పోయారు. పట్నంలో ఖాళీగా ఉన్న సన్నాయి ఇంకొకటి లేదు.

"వాద్యము లేనిదే ఊరేగింపు లేదు" అన్నారు విశ్వపతి గారు. "ఊరేగింపు లేనిదే అప్పగింత లేదు. మహోత్సవము వాయిదా."

వాయిదా అంటే మళ్ళీ కార్డులు, మళ్ళీ బొట్టు. మాఘ పౌర్ణమికి ఐదు రోజులు.

పీట మీద నుంచి కోటిలింగం గొంతు సవరించుకున్నాడు. "నేనున్నాను కదండీ."

విశ్వపతి గారు నిబంధనల పుస్తకం రెండు సార్లు తిరగేశారు. "వాద్యకారుడు ముందు నడవవలెను. గ్రహీత బండిలో కూర్చుండవలెను. ఒకే వ్యక్తి రెండును అగుట నిషేధమని ఎక్కడను లేదు. రెండు చోట్ల సంతకము చేయవలెను."

"మరి బండి ఖాళీగా పోతుందండి" అన్నాడు మా ఆయన, ఎంతో వినయంగా. "ఖాళీ అంటే శూన్యమని మీరే సెలవిచ్చారు."

"శూన్యము పనికిరాదు" అన్నారు విశ్వపతి గారు వెంటనే. "ఏదేని నింపుడు."

అప్పుడు చూడాలి మా ఆయన వేగం. కోటిలింగం వాళ్ళ ట్రంకు పెట్టెలు, గ్యాసు పొయ్యి, బియ్యం డబ్బా, మడత మంచం, దేవుడి పటాలు అన్నీ బండి మీదికి ఎక్కాయి. పైన పూలదండ వేశారు. పది నిమిషాల్లో కింది వాటా తుడిచినట్టయింది. పెళ్ళివారిలాగా జనమే తలా ఒకటి మోశారు. విశ్వపతి గారు కూడా చేట ఒకటి అందించారు.

కోటిలింగం సన్నాయి నోట పెట్టి మొదలు పెట్టాడు. నాకు రాగాలు తెలియవు. కానీ కూతుర్ని అత్తారింటికి పంపేటప్పుడు వాయించేది అదేనని గుర్తు పట్టాను. అబద్ధపు పందిట్లో అంత నిజమైన పాట వినిపించేసరికి, తప్పనిసరి కంట తడి నాకు నిబంధన లేకుండానే వచ్చేసింది. ఆయన ముందు, నాగరత్నం పక్కన, బండి వెనక, దాని వెనక మూడొందల మంది. పక్క వీధికి చేరి, బావమరిది ఇంటి గడప ఊదుతూనే దాటాడు. సామాను దిగింది.

పాల గిన్నె సిద్ధం. బావమరిది చెయ్యి చాపి నిలబడ్డాడు.

"చేతులు పాలలో ముంచుడు" అన్నారు విశ్వపతి గారు.

కోటిలింగం రెండు చేతులూ సన్నాయి మీద ఉన్నాయి. కళ్ళు మూసుకున్నాడు. పాట నడుస్తోంది.

"ఎత్తుకున్న రాగం మధ్యలో దించకూడదండి" అంది నాగరత్నం. "అశుభం."

విశ్వపతి గారు నిలబడ్డారు. అరగంట అయింది. ఆయన ఒక కాలి మీద బరువు తీసి రెండో కాలి మీద వేశారు. గంటయింది. అప్పుడు అర్థమైంది నాకు, మా ఆయన రాగాల గురించి ఏం మాట్లాడి వచ్చాడో. అంతసేపు ఊదితే మనిషి ఊపిరేమవుతుందని ఒక పక్క నా భయం, ఆగితే ఏమవుతుందని ఇంకో పక్క భయం. పన్నెండు కొట్టింది. మా పందిట్లోంచి పులిహోర తాలింపు పక్క వీధి దాకా వచ్చింది. మొదట జనం కదిలారు. తర్వాత విశ్వపతి గారు, విందు కూడా లాంఛనములోని భాగమే అంటూ కదిలారు.

ఆయన తృప్తిగా భోంచేశారు. రెండు సార్లు పెరుగు వేయించుకున్నారు. తాంబూలం నోట్లో పెట్టుకుని రిజిస్టరు తెరిచారు. "గ్రహీత, సామాను వెళ్ళినవి. అప్పగింత జరుగలేదు. కావున ఇది మహోత్సవము కాదు. అమర్యాద ఖాళీ." సంచీలోంచి లక్క, కొవ్వొత్తి తీశారు.

మా ఆయన మొహం తెల్లబోయింది. పదహారు రోజుల పండుగ తప్పించాడు కానీ, సీలు సంగతి ఆయన లెక్కలో లేదు. నేను తలుపుకి అడ్డంగా నిలబడ్డాను.

"తప్పుకొనుడమ్మా. లోపల ఎవరును లేరు కదా."

"ఎవరండీ?" అంది హిమజ లోపలి నుంచి. పడుకున్నది కాస్తా మోచేతి మీద లేచింది.

విశ్వపతి గారు గుమ్మంలోంచి తొంగి చూసి, కొవ్వొత్తి ఆర్పారు. "ఈమె ఎవరు?"

"మా అమ్మాయండి."

"ఈ వాటాలో ఉన్నదా?"

"ఉన్నాను కదండీ, కనబడట్లేదా" అంది హిమజ. "ఇంత మనిషిని."

"అద్దె ఎంత కట్టుచున్నారు?"

"మా అమ్మ ఇంట్లో నేను అద్దె కట్టడమేంటండీ."

"అనగా కట్టుట లేదు."

"లేదు."

"ఎంత కాలముగా?"

"పుట్టినప్పటి నుంచీ."

"వయసు?"

"ఇరవై ఆరు."

ఆ విభాగంలో అంత పెద్ద బకాయి అప్పటిదాకా నమోదు కాలేదట. ఇరవై ఆరు సంవత్సరములు అని రాసి, కింద గీత గీసి, లక్క సంచీలో పెట్టేశారు. ఆయన గొంతులోకి గౌరవం వచ్చింది.

"అమ్మా, గ్రహీత లోపల ఉండగా సీలు వేయుట మనోభావ భంగము. శుభలేఖ అచ్చు వేయించి, బొట్టు పెట్టి పిలిచి, మహోత్సవము జరిపిన పిదప తప్ప ఈమెను ఇక్కడి నుండి ఎవరును కదపరాదు. విభాగము కూడా కదపరాదు. శుభలేఖ ఎప్పుడు వేయించెదరు?"

"మంచి రోజు చూడాలి కదండీ" అన్నాను. "తొందరేముంది."

పక్క వీధిలో సన్నాయి అప్పుడు ఆగింది.

పౌర్ణమి ముందు రోజు హిమజకి ఆడపిల్ల పుట్టింది. ఆసుపత్రి నుంచి నేరుగా కింది వాటాకే తెచ్చాం, ఒక్క మెట్టు కూడా ఎక్కకుండా. బారసాలకి కోటిలింగం వచ్చి డబ్బు పుచ్చుకోకుండా వాయించాడు. వెళ్తూ వెళ్తూ సన్నాయి పెట్టె అడుగు నుంచి నాలుగు నెలల అద్దె తీసి, అటూ ఇటూ చూసి, నా కొంగులో వేశాడు. నాగరత్నం జాకెట్ ముక్క పెట్టింది. ఈసారి భయపడకుండా తీసుకున్నాను.

విశ్వపతి గారూ వచ్చారు. ఉయ్యాల దగ్గర నిలబడి, పిల్ల పేరూ పుట్టిన తేదీ రిజిస్టరులో ఎక్కించుకుని, "అద్దె?" అని అడిగారు. లేదండి అన్నాను. రెండవ గ్రహీత అని రాసుకున్నారు. అప్పటి నుంచి నెలనెలా శుభలేఖల నమూనాలు పంపుతున్నారు. అన్నీ బీరువా మీద పెడుతున్నాను.

మొన్న అల్లుడు ఫోన్ చేశాడు. మూడో నెల వచ్చింది కదా అత్తయ్యా, వచ్చే ఆదివారం వచ్చి తల్లినీ పిల్లనీ తీసుకెళ్తానన్నాడు. కారు ప్రయాణం, ఎండ, ఆ మూడో అంతస్తు, ఆ లిఫ్టు అన్నీ ఒక్కసారి నా కళ్ళ ముందు తిరిగాయి.

"పిలవకుండానే వెళ్ళడం ఏ సంప్రదాయం బాబూ?" అన్నాను. "శుభలేఖ ఇంకా అచ్చుకి ఇవ్వలేదు."